రీడింగ్ వచ్చింది సరే, చూసేదెవరు?

ప్రశ్న: అక్కా, మేం చెన్నైలో వేళచ్చేరిలో ఉంటాం, నేనూ మావారూ ఓఎంఆర్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. అమ్మానాన్నలు విల్లివాక్కంలో సొంతింట్లో ఉంటారు. నాన్నకి 81, ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. హార్ట్ ఫెయిల్యూర్ అని మూడేళ్ళుగా మందులు వాడుతున్నారు, ఈ ఏడాదిలోనే రెండుసార్లు ఆయాసం వచ్చి ఆస్పత్రిలో చేర్చాం. మనిషి బాగా చిక్కిపోయారు, కుర్చీలోంచి లేవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. మొన్న డిశ్చార్జి చేసేటప్పుడు ఇంట్లో ఉండగానే మేం గమనిస్తుంటాం అంటూ ఒక ప్యాకేజీ గురించి చెప్పారు. తూకం మిషను, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సిమీటరు, ఒక ట్యాబ్ ఇస్తారట, నెలకి ఎనిమిది వేలు. అమెరికాలో ఉన్న తమ్ముడు డబ్బు నేనిస్తా తీసుకో అంటున్నాడు, ఒక స్మార్ట్ వాచీ కూడా పంపించాడు, హాల్లో కెమెరా పెట్టించమంటున్నాడు. నాన్నేమో నన్ను బోనులో పెడతారా అని కేకలు. అమ్మకి 75, రాత్రుళ్ళు నిద్ర మానుకుని ఆయన ఊపిరి వింటూ కూర్చుంటోంది. మా ఇంటికి రమ్మంటే ఇద్దరూ రారు. వచ్చే శనివారం వెళ్తున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు:

తల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి మీ అమ్మగారి దగ్గర ఆగిపోయాను. 75 ఏళ్ళ మనిషి రాత్రంతా కూర్చుని పక్క మంచం మీది ఊపిరి లెక్కపెడుతోందంటే ఆ ఇంట్లో మానిటరింగ్ ఎప్పుడో మొదలైపోయింది, కాకపోతే ఆ డ్యూటీకి షిఫ్టు మార్చేవాళ్ళు లేరు. ఇలాగే ఇంకో రెండు నెలలు సాగితే ఆవిడ పడిపోతుంది, అప్పుడు మీరు ఇద్దరు పేషెంట్లని చూసుకోవాలి. అందుకని మీరు ఏ ఏర్పాటు చేసినా ఆవిడకి రాత్రి ఐదారు గంటలు నిద్ర దక్కాలి. నా మొదటి షరతు అదే, మిగతావన్నీ తర్వాత.

ఆవిడ అంతలా ఎందుకు భయపడుతున్నారో నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి, ఆ పేరు. ఫెయిల్యూర్ అనగానే గుండె ఇవాళో రేపో ఆగిపోతుందనుకుంటారు మనవాళ్ళు, నర్సుగా వార్డులో ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. ఆగిపోవడం కాదమ్మా, మోటారు బలహీనపడింది, నీళ్ళు పైకి తోసే జోరు తగ్గింది, దాంతో మూత్రపిండాలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేస్తాయి, ఆ నీరు కాళ్ళలోకీ పొట్టలోకీ చివరికి ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది అని చెప్తే కాస్త కుదుటపడేవాళ్ళు. రెండోది, ఈ జబ్బున్నవాళ్ళలో కొందరికి నిద్రలో ఊపిరి తీరే మారిపోతుంది. మెల్లగా మొదలై, పెద్దదై పెద్దదై, మళ్ళీ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, కొన్ని క్షణాలు అసలు ఆగిపోయి, మళ్ళీ మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని చేన్ స్టోక్స్ శ్వాస అంటారు. పక్కన కూర్చుని వినేవాళ్ళకి ఆ ఆగిన క్షణాల్లో ప్రాణం పోయినంత పనవుతుంది. మీ అమ్మగారు వింటున్నది ఇదేనేమో అడగండి, అవునంటే ఒక రాత్రి ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసి డాక్టరుకి చూపించండి. చూపించాల్సిన విషయమే, కానీ దానికోసం మనిషి రాత్రంతా కాపలా కూర్చోనక్కర్లేదు.

ఇక ప్యాకేజీ. నేను చెన్నైలోనే గుండె వార్డుల్లో 30 ఏళ్ళు నర్సుగా చేశాను. రిటైరయ్యాక ఏడాదిన్నర పాటు సరిగ్గా ఇలాంటి ప్యాకేజీ నడిపే ఒక చోట, రీడింగులు వచ్చి పడే వైపు కుర్చీలో కూర్చున్నాను, ఆ చోటి పేరు చెప్పను. పొద్దున ఏడింటికి కంప్యూటర్ తెరిస్తే ఎర్రగా ముప్పై నలభై అలర్టులు కనిపించేవి. చాలావాటికి కారణం బీపీ పట్టీ వదులుగా కట్టడమో, తాతగారి తూకం మిషను మీద మనవడు ఎక్కి గెంతడమో, చల్లబడిన వేళ్ళకి ఆక్సిమీటరు పెట్టడమో అయ్యుండేది. నిజంగా ఒంట్లో నీరు చేరుతున్న మనిషివి వాటిలో ఒకటో రెండో, వాటిని ఏరడమే మా పని. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆదివారాలు మేం ఉండేవాళ్ళం కాదు. శనివారం సాయంత్రం వచ్చిన రీడింగు సోమవారం పొద్దున చూసేవాళ్ళం. ఇంట్లోవాళ్ళేమో ఎవరో చూస్తున్నారు కదా, తేడా ఉంటే వాళ్ళే ఫోన్ చేస్తారు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళు. ఒక పెద్దాయన అలా మేం సోమవారం ఫోన్ చేసేసరికే ఐసీయూలో ఉన్నారు. ఆయన తూకం శనివారం నుంచీ మా తెరమీద ఎర్రగా కనపడుతూనే ఉంది, మిషను తన పని తాను సరిగ్గానే చేసింది.

పెద్ద పరిశోధనలు కూడా ఇంచుమించు ఇదే చెప్పాయి. 2010లో అమెరికాలో హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రికి వెళ్ళొచ్చిన 1,653 మంది మీద ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. వాళ్ళలో ఇంటినుంచి గమనించడానికి ఎంచుకున్నవాళ్ళు రోజూ ఒక నంబరుకి ఫోన్ చేసి, రికార్డు చేసిన గొంతు అడిగే ప్రశ్నలకి బటన్లు నొక్కి, బరువూ ఆయాసమూ చెప్పాలి. ఆర్నెల్ల తర్వాత చూస్తే మళ్ళీ ఆస్పత్రిలో చేరడం గానీ చావులు గానీ ఏమీ తగ్గలేదు. 14 శాతం మంది ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు, చివరి వారానికొచ్చేసరికి వారానికి కనీసం మూడుసార్లు చేస్తున్నవాళ్ళు 55 శాతమే మిగిలారు. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు, రికార్డు గొంతుకి నా కాళ్ళు వాచాయమ్మా అని ఎన్నాళ్ళు చెప్పుకుంటాం? అదే 2018లో జర్మనీలో 1,571 మందితో ఇంకోటి వచ్చింది, బెర్లిన్‌లో షారిటే ఆస్పత్రివాళ్ళు నడిపారు. బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ రోజూ ఇంటినుంచే పంపాలి, అవతల 24 గంటలూ డాక్టర్లూ నర్సులూ కూర్చుని చూస్తారు, నెలకోసారి నర్సు ఫోన్ చేసి మాట్లాడుతుంది, మందులు మార్చాలంటే రోగి సొంత డాక్టరుతో మాట్లాడి మారుస్తారు. అక్కడ ఆస్పత్రిలో గడిచిన రోజులూ తగ్గాయి, చావులూ తగ్గాయి, ఏడాదికి నూటికి 11.3 ఉన్నచోట 7.9 అయింది. బరువు రెండుచోట్లా రోజూ చూశారు తల్లీ, రెండోచోట ఇంకొన్ని కొలతలు ఎక్కువ, నిజమే. కానీ అంతకంటే ముఖ్యం, రెండోచోట ఫోన్ ఎత్తి, ఏమైందండీ అని అడిగే మనిషి రాత్రీ పగలూ ఉన్నారు.

కాబట్టి ఆ ప్యాకేజీ వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు మిషను ఏ కంపెనీదని అడక్కండి. నాన్నగారి రీడింగు ముందు చూసేది మనిషా కంప్యూటరా, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా చూస్తారు, ఆదివారం సంగతేంటి, దీపావళి నాడు సంగతేంటి, తేడా కనిపిస్తే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, చేసి ఏం చెప్తారు అని అడగండి. ఈ చివరిదే అసలైన ప్రశ్న. దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి అని చెప్పడానికైతే నెలకి ఎనిమిది వేలు దండగ, ఆ మాట మీ ఎదురింటివాళ్ళు ఊరికే చెప్తారు. నాన్నగారిని చూసే కార్డియాలజిస్టుతో వాళ్ళకి మాటలున్నాయా, ఆయన్ని అడిగి నీరు పోయే మాత్ర డోసు ఆ పూటే మార్చగలరా, మీ అమ్మగారితో తెలుగులోనో కనీసం తమిళంలోనో మాట్లాడే మనిషి ఉన్నారా? వీటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్తే తీసుకోండి, అదీ మూడు నెలలకే. డిశ్చార్జి అయిన తర్వాతి మొదటి కొన్ని వారాలే గట్టిగా కాచుకోవలసినవి, ఏడాదికి ఒకేసారి కట్టించుకునే స్కీములు ఒప్పుకోవద్దు. నీళ్ళు నమిలితే వదిలెయ్యండి, దానికంటే చవకలో అయ్యే పనులే చాలా ఉన్నాయి.

అన్నిటికంటే ముందు తూకం మిషను. లీటరు నీరంటే కిలో బరువు, కాబట్టి ఆ మిషను మనకి ఒంట్లో నీటిమట్టం చూపించే కర్రలాంటిది. కాళ్ళ వాపు కంటికి కనబడక ముందే, ఆయాసం రాకముందే తూకంలో తేడా వస్తుంది. ఆస్పత్రిలో చేరిన రోగుల బరువులు వెనక్కెళ్ళి చూస్తే చేరడానికి కనీసం వారం ముందు నుంచే పెరగడం మొదలైందని 2007లోనే తేల్చారు. ఆ వారమే మన చేతిలో ఉండే సమయం.

కానీ పట్టుమని నిలబడలేని మనిషిని తూకం తూచడం మీరనుకున్నంత తేలిక కాదు. మా అత్తగారి దగ్గర నేనే మోసపోయాను, నర్సునయ్యుండి. ఆవిడ బాత్రూం గుమ్మం పక్కన మిషనెక్కి పడిపోతానేమోనని గోడకి రెండు వేళ్ళు ఆనించేది. ఒకరోజు 47, మర్నాడు 45.6, ఆ మర్నాడు 46.8. మిషను పాడైందని కొత్తది కొన్నాను, దానిదీ అదే పాట. ఒకరోజు పక్కనే వంగి చూస్తే గానీ ఆ రెండు వేళ్ళు నాకు కనపడలేదు. చెయ్యి దేనిమీద ఆనినా ఆ మేరకు బరువు తగ్గిపోతుంది. అందుకని మిషన్ని గట్టి నేలమీద పెట్టండి, చాపమీదో పట్టామీదో వద్దు, ముందు వాకరు, వెనక కుర్చీ ఉండాలి. వాకరు పట్టుకుని ఎక్కాలి, కుదురుగా నిలబడ్డాక మూడు క్షణాలు చేతులు వదలాలి, మళ్ళీ పట్టుకోవాలి. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీ తాగకముందు, అవే బట్టలతో. అంకెలు పెద్దగా కనిపించే మిషను చూసి కొనండి, మీ అమ్మగారు వంగి చదవాలి కదా. ఆ మూడు క్షణాలు కూడా నిలబడలేకపోతే వద్దు, తూకం కోసం పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం కంటే అన్యాయం ఇంకోటి లేదు. అప్పుడు కాళ్ళే చూడాలి. చీలమండకి కాస్త పైన, ఎముక మీద, బొటనవేలితో ఐదు క్షణాలు నొక్కి తీస్తే గుంట పడిందా? నిన్న పట్టిన చెప్పు ఇవాళ బిగుతైందా, పంచె ముడి పైకి జరిగిందా, రెండు దిండ్లతో పడుకునే మనిషి మూడోది అడిగారా? ఈ దిండ్ల లెక్క మా వార్డులో డ్యూటీ డాక్టర్లు రోజూ అడిగేవాళ్ళు.

తూకం పెరిగితే ఏం చెయ్యాలన్నది ముందే కాగితం మీద ఉండాలి, ఆ పూట కంగారులో తేల్చుకునేది కాదు. మామూలుగా ఒక్క రోజులో కిలోకి పైగా, లేదా మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యమంటారు, కానీ మీ నాన్నగారి అంకెలు ఆయన డాక్టరే రాసివ్వాలి. నీరంతా పోయాక ఉండే ఆయన అసలు బరువెంత, ఎంత పెరిగితే నీరు పోయే మాత్ర, డైటార్ గానీ లాసిక్స్ గానీ, ఇంకోటి ఎన్ని రోజులు ఇవ్వచ్చు, బీపీ ఎంతకి పడిపోతే ఏ మాత్ర ఆపి ఫోన్ చెయ్యాలి, నాడి ఎంతకి తగ్గితే చెప్పాలి, రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మళ్ళీ ఎప్పుడు చూపించాలి. ఒక పేజీ. ఈసారి వెళ్ళినప్పుడు ఇది రాయించుకోకుండా గదిలోంచి లేవకండి, వెనక పాతికమంది కూర్చుని ఉన్నా సరే. డాక్టరు నాకు ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి అంటే ఏ నంబరుకి, ఎవరెత్తుతారు అని అడగండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నియమాల ప్రకారం తన దగ్గర ఇప్పటికే చూపించుకుంటున్న రోగికి డాక్టరు ఫోన్లోనో వీడియోలోనో మందు రాసివ్వచ్చు, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

బరువు తగ్గినా ఊరుకోకూడదు, ఇది చాలామంది మర్చిపోతారు. మన ఊళ్ళో మే నెల కత్తిరి ఎండల్లో ఒక విరోచనం పట్టుకుందంటే, పైన నీరు పోయే మాత్ర కూడా పడుతుంటే, ముసలాయన రెండ్రోజుల్లో వడిలిపోతారు. లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, మూత్రం తగ్గడం, మాట మత్తుగా రావడం. అప్పుడు మాత్రలు అలాగే కొనసాగించాలా కాసేపు ఆపాలా అని ఆ రోజే అడగాలి. బీపీ కూడా అందుకే కూర్చుని ఒకసారి, నిలబడ్డ నిమిషానికి ఒకసారి చూడమంటాను, పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఆ సంగతి డాక్టరుకి తెలియాలి. ఈ మందులతో పై అంకె 100 దగ్గర ఉండటం మామూలే, కళ్ళు తిరగకపోతే టెన్షన్ పడి మాత్రలు మానేయించకండి. నీరు పోయే మాత్ర పొద్దునే వేయించండి, సాయంత్రం వేస్తే రాత్రంతా బాత్రూంకి లేవడం, ఆ చీకట్లో పడటం.

ఇంకో సంగతి, ఇది బాగా బక్కచిక్కినవాళ్ళకే వస్తుంది. మా అత్తగారిది ఆర్నెల్లు తూకం 46 దగ్గరే నిలిచింది. బాగుంది బాగుంది అనుకున్నాం. కాళ్ళు చూస్తే వాపు. ఏమైందంటే లోపల కండ కరిగిపోతోంది, ఆ కరిగినంత మేర నీరు చేరుతోంది, మిషను మాత్రం రెండిటినీ కలిపి అదే 46 చూపిస్తోంది. మీ నాన్నగారు చిక్కిపోయారన్నారు కాబట్టి చెప్తున్నాను, అసలు బరువు అన్న అంకెని రెండు మూడు నెలలకోసారి డాక్టరు చేత మళ్ళీ సరిచేయించాలి. డిశ్చార్జి కాగితంలో ఉన్న పాత అంకెనే పట్టుకుని కూర్చుంటే కిలోన్నర నీరు ఎక్కువున్నా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. వృద్ధుల్లో తేడా మొదట ఆయాసంగానే రావాలని కూడా లేదు, అన్నం సయించకపోవడం, పగలంతా కునికిపాట్లు, ఉన్నట్టుండి మాట తడబడటం, ఇవి కూడా నోటుబుక్కులో ఎక్కాలి.

నోటుబుక్కు అన్నాను కదా. నాన్నగారు ఐసీఎఫ్‌లో ఇన్నేళ్ళు చేశారంటే లాగ్‌బుక్కులూ షిఫ్టు రిజిస్టర్లూ ఆయనకి కొత్త కాదు. బోనులో పెడతారా అని ఆయన అడిగింది నాకు న్యాయంగానే అనిపించింది. ఆయన ఒంటి లెక్క ఎవరో ట్యాబ్‌లో చూసుకుని ఆయన్ని వదిలేసి మీకు ఫోన్ చేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కాబట్టి ఆ లెక్క ఆయనకే అప్పగించండి. గీతలున్న పెద్ద పుస్తకం, స్కేలు, పెన్ను. తేదీ, తూకం, బీపీ, నాడి, దిండ్లు ఎన్ని, కొత్తగా ఏ మాత్ర వేసుకున్నారు. ఆయనే రాయాలి. పొద్దున ఏడున్నరకి మీరు కారెక్కే ముందు ఫోన్ చెయ్యండి, ఎలా ఉన్నారు నాన్నా అని కాదు, ఇవాళ రీడింగు ఎంత నాన్నా అని. ఎలా ఉన్నారంటే ఎప్పుడూ బాగున్నాననే అంటారు. ఆ పుస్తకం పేజీని మీ అమ్మగారు వాట్సాప్‌లో ఫొటో తీసి పంపితే మీ తమ్ముడూ చూసుకుంటాడు, అమెరికా నుంచి ఫోన్ చేసి ఆందోళన పడే బదులు వారానికి మూడు రోజులు ఆ ఫోన్ డ్యూటీ వాడికి వెయ్యండి. మనకి పొద్దునైతే వాడికి రాత్రి, చెయ్యగలడు.

ఆ కొత్త మాత్ర అనే గడి ఎందుకు గీయించమన్నానో చెప్తాను. ఆ కంపెనీలో ఉన్నప్పుడు అంబత్తూరు నుంచి ఒకాయన రీడింగు నాలుగు రోజుల్లో రెండున్నర కిలోలు పెరిగింది. బీపీ బాగుంది, ఆక్సిజన్ బాగుంది. ఫోన్ చేసి ఉప్పు తిన్నారా అంటే లేదు, మాత్రలు మానారా అంటే లేదు. ఇంకేమైనా అంటే ఏమీ లేదండీ అన్నారు. ఫోను పెట్టబోతుంటే వెనకనుంచి ఆయన భార్య, ఆ మోకాలి మాత్ర చెప్పండి అని కేకేసింది. మోకాళ్ళు నొప్పులని వీధి చివర మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాక్ ఇచ్చాడు, రోజుకి రెండు. ఈ జాతి నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి, ఉప్పునీ నీటినీ ఒంట్లో ఆపేస్తాయి, నీరు పోయే మాత్ర పనిని చెడగొడతాయి, మూత్రపిండాల మీదా దెబ్బ. అవి ఆపించి, డాక్టరు చేత నొప్పికి వేరేది రాయించాం, డోసు సర్దాం, ఆస్పత్రి గడప తొక్కకుండానే వారంలో బరువు దిగింది. ఏ మిషనుకీ మోకాలి మాత్ర సంగతి తెలియదు కదా. మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయో లేదో రాయలేదు, 81 ఏళ్ళ మనిషికి లేకుండా ఉంటాయా, ఆ వీధిలో షాపువాడికి ఒకసారి మీరే వెళ్ళి చెప్పి రండి. కడుపుబ్బరం అని సోడాపొడి తాగడం, గ్లాసులో వేస్తే బుసబుసలాడే మాత్రలు వేసుకోవడం కూడా అడగండి, వాటిలో సోడియం ఎక్కువ.

వాచీ గురించి. అది గుండె లయ తప్పితే చెప్పచ్చు గానీ ఒంట్లో నీరు చేరిందని చెప్పలేదు. కింద పడితే ఫోన్ చేసే సౌకర్యం అందులో ఉంటే మాత్రం ఉంచండి, అది ఆ వయసుకి పనికొచ్చేదే, రోజూ ఛార్జింగ్ పెట్టేవాళ్ళుంటేనే. ఆక్సిమీటరు కోవిడ్ నాటిది మీ సొరుగులోనే ఉండి ఉంటుంది, కొత్తది కొనక్కర్లేదు, వేళ్ళు రుద్ది వెచ్చబడ్డాక చూడాలి, నీరు చేరుతున్న మొదటి రోజుల్లో అది మామూలు అంకే చూపించచ్చు కాబట్టి దాన్ని చూసి ధైర్యపడకూడదు. గుండె పక్క రక్తనాళంలో పెట్టే ప్రెషర్ సెన్సర్లు కూడా ఉన్నాయి, 2014 నుంచి అమెరికాలో వాడుతున్నారు, మీ తమ్ముడు దాన్ని కూడా పంపిస్తాననేలోపు చెప్తున్నాను, ఇప్పుడు దాని జోలికి వద్దు. కెమెరా ఆయన ఒప్పుకుంటేనే, ఒప్పుకున్నా పడగ్గదిలో కాదు. దాని బదులు తలుపుకి పెట్టే వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఒకటి కొని బటను ఆయన దిండు పక్కన, గంట మీ అమ్మగారి గదిలో పెట్టండి. పొద్దున తూకం సరిగ్గా ఉండి, పడుకునేటప్పుడు దిండ్ల లెక్క మారకపోతే ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి పడుకోవచ్చు. మొదటి వారం రారు. మీరు రెండు రాత్రులు అక్కడ పడుకుని చూపించాలి.

అయితే కొన్నిటికి రీడింగులూ ఫోన్లూ పనికిరావు. కూర్చున్నచోటే ఆయాసం, పడుకోలేకపోవడం, నురగతో దగ్గు, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, పెదాలు నీలంగా మారడం. నేరుగా 108. వేళచ్చేరి నుంచి విల్లివాక్కం మీరు ఎంతసేపట్లో చేరతారో మీకే తెలుసు, మీకోసం ఆగొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. ఎదురింటివాళ్ళ నంబరు, మాత్రల జాబితా, చివరి డిశ్చార్జి కాగితం ఒకే సంచిలో పెట్టి తలుపు వెనక కొక్కేనికి తగిలించండి.

తిండి దగ్గర మరీ కఠినంగా ఉండకండి. ఉప్పు తగ్గించాలి, నిజమే, కానీ బక్కచిక్కిన మనిషికి చప్పిడి కూడు పెడితే ఉన్న రెండు ముద్దలూ మానేస్తారు, కండ ఇంకా కరుగుతుంది. 2022లో వచ్చిన ఒక పరిశోధనలో ఉప్పు మరీ కిందికి దించేసినవాళ్ళకి ఆస్పత్రి చేరికలు గానీ చావులు గానీ తగ్గలేదు. కూరలో కొంచెం తక్కువ వేసి, నిమ్మకాయ, మిరియాలు, కొత్తిమీర దట్టించండి. తీసెయ్యాల్సింది అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, పచ్చళ్ళు. షాపుల్లో దొరికే లో సోడియం ఉప్పు మాత్రం డాక్టరుని అడక్కుండా వద్దు, అందులో పొటాషియం ఉంటుంది, ఆల్డాక్టోన్ లాంటి మాత్ర వాడుతుంటే ఒంట్లో పొటాషియం ప్రమాదకరంగా పెరగచ్చు, ఎండాకాలం రోజూ కొబ్బరిబోండాం తాగినా అదే ఇబ్బంది. రోజుకి నీళ్ళు ఎంతో డాక్టరు చెప్పి ఉంటారు, ఆ కొలత సీసా ఒకటి ఆయన పక్కనే పెట్టండి, సరిపోతుంది.

శనివారం వెళ్తున్నానన్నారు కదా, వచ్చేటప్పుడు ఆ ఇంట్లో ఉన్న ఆవకాయ జాడీ మీ కారులో వేసుకుని తెచ్చేసుకోండి. మొత్తం కాదు, ఒక చిన్న సీసా మీ అమ్మగారికి ఉంచండి, నాన్నగారికి అందని అరలో. ఆవిడకేం గుండెజబ్బు లేదుగా.